కారులో లోపం కంపెనీదైతే: ఛాసిస్ నంబర్ నుంచి కన్స్యూమర్ కోర్టు దాకా

మే నెల, మిట్టమధ్యాహ్నం. అనంతపురం నుంచి కర్నూలుకు పెళ్లికి పోతున్నాం. గుత్తి దాటాక హైవే మీద కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక నుంచి సిమెంటు లారీ హారన్ కొట్టుకుంటూ పక్కకు తప్పుకుని పోయింది కాబట్టి ఈరోజు ఇది రాస్తున్నా. ఆ తర్వాత మూడుసార్లు షోరూమ్‌కు తీసుకుపోయాను. మూడుసార్లూ ఒకటే మాట: "ఏం లేదు సార్, అంతా ఓకే." చివరికి మా తమ్ముడు ఛాసిస్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయింది. ఆ బ్యాచ్ కార్లకు ఫ్యూయల్ పంపు రీకాల్ అప్పటికే ఏడాదిగా నడుస్తోంది. ఉత్తరమేమో మొదటి ఓనర్ పాత అడ్రస్‌కు పోయింది. నాది సెకండ్ హ్యాండ్ కారు.

అప్పటి నుంచి కర్నూలు, కడప నుంచి కూడా "అన్నా, మా కారుకు ఇట్లయింది, ఏం చేయాల?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు వరుసగా రాస్తున్నాను. నేను వకీలును కాను. నా ఫైలు, తెలిసినవాళ్ల ఫైళ్లు నాలుగు మోసిన అనుభవం మాత్రం ఉంది.

1. సమస్య ఏ కోవలోదో ముందు తేల్చుకోండి

దారి తప్పేది ఇక్కడే. నాలుగు రకాలున్నాయి, నాలుగింటికీ దారులు వేరు.

- రీకాల్: ఒక మోడల్‌లోనో, ఒక బ్యాచ్‌లోనో ప్రాణం మీదికి తెచ్చే లోపం ఉందని తేలి, కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలవడం. వారంటీ ఉన్నా, అయిపోయినా పని ఉచితం.
- తయారీ లోపం, కానీ రీకాల్ లేదు: మీ కారులో ఒకే సమస్య మళ్లీ మళ్లీ వస్తోంది, కంపెనీ ఒప్పుకోవడం లేదు. ఎక్కువ కష్టపడాల్సింది దీనికే.
- సర్వీస్ లోపం: బాగున్న కారును వర్క్‌షాప్‌లో చెడగొట్టారు. ఇక్కడ ప్రధానంగా బాధ్యత షోరూమ్‌ది.
- అరుగుదల: క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, టైర్లు. గువ్వలచెరువు ఘాట్‌లో రోజూ హాఫ్ క్లచ్ మీద ఎక్కించే కారుకు క్లచ్ త్వరగా పోతే అది కంపెనీ తప్పు కాదు. దీని మీద కేసు వేసి డబ్బు, టైము పోగొట్టుకోవద్దు.

"బండి బాగానే నడుస్తోంది కదా, రీకాల్‌కు ఎందుకు పోవాల?" అని చాలామంది అడుగుతారు. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతి చూడండి. బ్యాగును ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడికి, తేమకు అది పాడై, బ్యాగు విచ్చుకునేటప్పుడు మితిమీరిన ఒత్తిడితో పేలి, లోహపు డబ్బా ముక్కలు మనిషి మీదికి దూసుకొచ్చేవి. ప్రపంచ కార్ల చరిత్రలోనే అతి పెద్ద రీకాల్ అది. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. మన దేశంలోనూ హోండాతో సహా కొన్ని కంపెనీలు ఈ ఎయిర్‌బ్యాగుల కోసం కార్లు వెనక్కి పిలిచాయి. గుద్దుకునే రోజు వరకూ ఆ కార్లన్నీ బాగానే నడిచాయి.

2. ఛాసిస్ నంబర్ సరిగ్గా రాసుకోండి

రిజిస్ట్రేషన్ నంబర్‌తో పని జరగదు. రీకాల్ పట్టుకునేది ఛాసిస్ నంబర్‌నే. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. ఆర్‌సీ మీద, ఇన్సూరెన్స్ పాలసీ మీద, కొన్నప్పటి ఇన్‌వాయిస్ మీద ఉంటుంది. ఫోన్‌లో ఆర్‌సీ చూపించే యాప్‌లో చివరి అంకెలు చుక్కలుగా కనిపిస్తే ఒరిజినల్ ఆర్‌సీ తీయండి.

ఒక చిట్కా: ఈ 17లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు. గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీతలా ఉన్నది ఒకటి. నా మొదటి ప్రయత్నంలో "రికార్డు లేదు" అని వచ్చింది ఈ సున్నా దగ్గరే.

సెకండ్ హ్యాండ్ కారైతే ఆర్‌సీ చూసి ఊరుకోవద్దు, బండి మీదున్న నంబర్‌తో పోల్చండి. మోడల్‌ను బట్టి ముందు సీటు కింద కార్పెట్ ఎత్తితేనో, బానెట్ తెరిస్తేనో, ముందు అద్దం మూలనో కనిపిస్తుంది. దుమ్ము పేరుకుని కనబడకపోతే తడిగుడ్డతో తుడిచి, పైన తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అంకెలు తేలతాయి. ఆర్‌టీవో ఆఫీసులో చేసేదీ ఇదే. రెండు నంబర్లు కలవకపోతే రీకాల్ సంగతి తర్వాత, ముందు అమ్మినవాడిని పట్టుకోండి.

3. రీకాల్ ఉందో లేదో చూడండి

ఈ వరుసలో చూడండి. మొదటి దాంతోనే సాధారణంగా తేలిపోతుంది.

1. కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌లో రీకాల్ లేదా సర్వీస్ క్యాంపెయిన్ అనే పేజీ ఉంటుంది. ఛాసిస్ నంబర్ కొట్టండి.
2. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అదే అడగండి. ఫిర్యాదు నంబర్ రాసుకోండి.
3. షోరూమ్‌లో "ఈ ఛాసిస్ మీద పెండింగ్ క్యాంపెయిన్ ఏమైనా ఉందా?" అని ఈ మాటల్లోనే అడగండి. క్యాంపెయిన్ అంటే వాళ్ల భాషలో రీకాల్ పనే. "కారుకు ఏమైనా ఉందా" అని అడిగితే జనరల్ సర్వీస్ అంటగడతారు.
4. వాహన తయారీదారుల సంఘం సియామ్ వెబ్‌సైట్‌లో కంపెనీలవారీ రీకాల్ జాబితా ఉంటుంది. ఈ సంఘం 2012 నుంచి స్వచ్ఛంద రీకాల్ నియమావళి నడుపుతోంది.

"నా కారు కొత్తది, నాకెందుకుంటుంది" అనుకోవద్దు. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కియా కారెన్స్‌నే తీసుకోండి. కారు మార్కెట్లోకి వచ్చిన ఏడాదే, 2022 అక్టోబర్‌లో, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కోసం 44,174 కార్లను పిలిచారు. మారుతి 2020 జులైలో ఫ్యూయల్ పంపు అనుమానంతో 1,34,885 వ్యాగన్‌ఆర్, బాలెనో కార్లను పిలిచింది. ఇది కంపెనీకి పరువు తక్కువ పనేం కాదు. లోపాన్ని దాచిపెట్టే కంపెనీ కన్నా పిలిచే కంపెనీ నయం.

ఒక హెచ్చరిక. "మీ కారు రీకాల్‌లో ఉంది, ఈ లింక్ నొక్కి 99 రూపాయలు కట్టండి" లాంటి మెసేజ్ వస్తే అది మోసం. రీకాల్‌కు బుకింగ్ చార్జీ ఉండదు. లింక్ నొక్కకుండా మీరే కంపెనీ నంబర్‌కు ఫోన్ చేయండి.

4. రీకాల్ పని చేయించుకునే పద్ధతి

ముందే ఫోన్ చేసి స్పేర్ వచ్చిందా అని కనుక్కోండి. కడప నుంచి పొద్దున్నే బయల్దేరి తిరుపతి షోరూమ్‌కు పోయి, "పార్టు ఇంకా రాలేదు సార్" అనిపించుకుని తిరిగొచ్చినవాళ్లున్నారు. మీ ఊళ్లో ఆ కంపెనీ వర్క్‌షాప్ లేకపోతే ఏ ఊళ్లోదైనా అధీకృత వర్క్‌షాప్ ఈ పని చేయాలి. అక్కడే కొనలేదు కదా అని పంపించేయడానికి లేదు.

పార్టు రావడానికి వారాలు పడితే ఒకే ఒక్క ప్రశ్న ఈ-మెయిల్‌లో అడగండి: "అప్పటిదాకా ఈ కారు నడపడం సురక్షితమేనా?" నోటితో "ఏం కాదు సార్, నడుపుకోండి" అనడం తేలిక. రాతలో అడిగితే జాగ్రత్తగా జవాబిస్తారు, అవసరమైతే టోయింగ్ గురించి కూడా మాట్లాడతారు. బ్రేకు, స్టీరింగ్, ఇంధనం లీకు, మంట ప్రమాదం లాంటి రీకాల్ అయితే జవాబు వచ్చేదాకా బండి తీయకపోవడమే మంచిది.

పని అయ్యాక షోరూమ్ గేటు దాటే ముందు ఇవి చూసుకోండి:

- బిల్లులో రీకాల్ పనికి సున్నా రూపాయలు ఉండాలి. పార్టుకూ, లేబర్‌కూ రెండింటికీ.
- క్యాంపెయిన్ పేరు లేదా కోడ్ జాబ్ కార్డు (కారు లోపలికి తీసుకున్నప్పుడు మన ఫిర్యాదు, చేసిన పని రాసే షోరూమ్ కాగితం) మీద ఉండాలి.
- పార్టు మార్చారా, సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చారా, చూసి వదిలేశారా అన్నది రాసి ఉండాలి.
- "ఎలాగూ వచ్చారు కదా" అని చేర్చిన వాషింగ్, అలైన్‌మెంట్, కోటింగ్ మీరు అడిగినవి కాకపోతే కొట్టేయించండి.
- ఇంటికొచ్చాక వెబ్‌సైట్‌లో మళ్లీ నంబర్ కొట్టండి. కొన్ని రోజులైనా పెండింగ్ అనే చూపిస్తుంటే పని రికార్డుకు ఎక్కలేదన్నమాట.

5. రీకాల్ లేదు, లోపం మాత్రం ఉంది: అంతా జాబ్ కార్డులోనే ఉంది

ఈ భాగం నిదానంగా చదవండి. నేను చూసిన ఫైళ్లలో గెలిచినవీ ఓడినవీ ఇక్కడే తేలిపోయాయి.

మనం పోయి చెబుతాం: "ఎనభై మీద పోతుంటే ఇంజన్ ఆగిపోతోంది, ఇప్పటికి మూడుసార్లయింది." సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్‌లో ఏం కొడతాడు? "జనరల్ చెకప్." లేదంటే "పికప్ తక్కువ." సాయంత్రం "చెక్ చేశాం, ఓకే" అని ఇస్తారు, మనం సంతకం పెట్టి వచ్చేస్తాం. ఆరు నెలల తర్వాత కన్స్యూమర్ కోర్టులో కంపెనీ వకీలు ఆ కాగితం చూపించి, "ఇంజన్ ఆగిపోయిందని ఈయన ఎప్పుడూ ఫిర్యాదే చేయలేదు" అంటాడు. కాగితం ప్రకారం ఆయన చెప్పేది నిజమే మరి.

నాలుగోసారి పోయినప్పుడు నేను కౌంటర్ దగ్గరి నుంచి కదల్లేదు.

"సార్, అట్ల రాయడానికి సిస్టమ్‌లో ఆప్షన్ లేదు."

"అయితే ప్రింట్ తీసి పెన్నుతో రాయి నాయనా. సిస్టమ్ సంగతి తర్వాత చూద్దాం."

పాపం చిన్న పిల్లాడు, మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ తల ఊపాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాశాడు: తేదీ, కిలోమీటర్లు, వేగం, ఏసీ ఆన్, ఇంజన్ ఆగింది, పది నిమిషాలకు స్టార్ట్ అయింది. నాలుగు లైన్లు. రీకాల్ జాబితాలో ఉన్న కారైనా ఆ పార్టు త్వరగా వచ్చింది ఈ నాలుగు లైన్ల వల్లనే అని నా నమ్మకం.

జాబ్ కార్డులో ఉండాల్సినవి:

- మీ ఫిర్యాదు మీ మాటల్లో, ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చిందో కూడా
- కారు లోపలికి పోయిన తేదీ, టైము, ఓడోమీటర్ రీడింగ్ (కారు తిరిగిన మొత్తం కిలోమీటర్లు). బయటికి వచ్చినప్పుడు కూడా ఇవే
- స్కానర్‌లో కనిపించిన ఎర్రర్ కోడ్‌లు
- ఏం మార్చారు, ఏం మార్చలేదు, ఎందుకు
- "సమస్య కనబడలేదు" అంటే ఆ మాటే, ఎంత దూరం టెస్ట్ డ్రైవ్ చేసి చెప్పారో దాంతోపాటు

రాయనే రాయం అంటే గొడవ పడొద్దు. అక్కడే నిలబడి షోరూమ్ మెయిల్‌కూ, కంపెనీ మెయిల్‌కూ అదే విషయం పంపి, "ఈ ఫిర్యాదు జాబ్ కార్డులో నమోదు చేయలేదు" అని ఒక వాక్యం చేర్చండి. డెలివరీ తీసుకునేటప్పుడు "పూర్తి సంతృప్తి" అన్నచోట సంతకం అడుగుతారు. సమస్య తీరకపోతే సంతకం పక్కన "సమస్య తీరలేదు, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని తెలుగులోనే రాయండి.

వీడియో తీయండి, కానీ బండి నడుపుతూ కాదు. పక్క సీట్లో ఉన్నవాళ్లు తీయాలి. మీటర్, హెచ్చరిక లైటు, బయట రోడ్డు ఒకే షాట్‌లో పడాలి. ఒరిజినల్ ఫైలు ఫోన్‌లోనూ, ఇంకోచోటా దాచండి. వాట్సాప్‌లో పంపాక ఒరిజినల్ తీసేస్తే తేదీ, టైము వివరాలు పోతాయి. రేపు సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలని వకీలు అడగవచ్చు. ఫోన్, ఫైలు రెండూ మీవే అయితే అది పెద్ద పనేం కాదు.

ఈ దశలో చేయకూడని పని ఒకటుంది: బయటి మెకానిక్ చేత ఇంజన్ విప్పించడం. ఆయన ఎంత పనిమంతుడైనా సరే. సీలు ఊడిన మరుక్షణం "బయట చేయించారు, వారంటీ రాదు" అనే ఆయుధాన్ని మీరే వాళ్ల చేతికి ఇచ్చినట్టు. ఫ్యాన్సీ లైట్లు, పెద్ద హారన్, బయట బిగించిన గ్యాస్ కిట్ కూడా ఇంతే. వైరు కోసి బిగించిన లైటు ఉంటే, కారులో ఏ కరెంటు సమస్య వచ్చినా కంపెనీ వేలు దాని మీదికే పోతుంది.

6. కేంద్ర ప్రభుత్వానికి చెప్పండి

ఇది చాలామందికి తెలియని దారి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సెక్షన్ 110ఏ వచ్చింది. డ్రైవర్‌కో, లోపలున్నవాళ్లకో, రోడ్డు మీద పోయేవాళ్లకో, పర్యావరణానికో హాని చేసే లోపం ఉంటే కేంద్రం రీకాల్‌కు ఆదేశించవచ్చు. నిర్ణీత శాతం ఓనర్లు ఫిర్యాదు చేసినా, పరీక్షా సంస్థ చెప్పినా, ఇంకెక్కడి నుంచైనా సమాచారం వచ్చినా చాలు. ఆదేశం వస్తే కంపెనీ డబ్బు వాపసు ఇవ్వాలి, లేదంటే కారు మార్చివ్వాలి, లేదంటే బాగుచేయాలి. తనంతట తాను లోపం గుర్తించి కేంద్రానికి చెప్పి రీకాల్ మొదలుపెట్టిన కంపెనీకి జరిమానా ఉండదు.

ఫిర్యాదుకు కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో వాహన్ రీకాల్ పోర్టల్ ఉంది. ఈ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, తయారై 7 ఏళ్లు దాటని వాహనాలకు వర్తిస్తాయి. కంపెనీ తానుగా చేసే రీకాల్‌కు ఈ 7 ఏళ్ల గీత అడ్డు రాదు.

ఇక్కడ ఫిర్యాదు చేస్తే రేపే మీ కారు బాగైపోదు. ఓనర్ల సంఖ్యను బట్టి నడిచే వ్యవహారం ఇది. మీలాగే ఇబ్బంది పడుతున్న అదే మోడల్ ఓనర్లను కూడగట్టి, ఎవరికి వారు విడిగా ఫిర్యాదు పెట్టించండి. ఒకరి పేరు మీద పదిమంది గోడు రాస్తే ఒకటిగానే లెక్క.

7. కంపెనీకి రాతపూర్వక నోటీసు

చట్టప్రకారం నోటీసు తప్పనిసరి కాదు. అయినా పంపండి, సగం సమస్యలు ఇక్కడే కొలిక్కి వస్తాయి. వకీలు లేకుండా మీరే రాసుకోవచ్చు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు ఒకటి, షోరూమ్‌కు ఒకటి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్ట్ చేయండి, మెయిల్ కూడా పెట్టండి. తిట్లు, బెదిరింపులు వద్దు. నమూనా ఇది:

"నేను ఫలానా తేదీన ఫలానా షోరూమ్‌లో ఇంత ధరకు ఈ కారు కొన్నాను. ఛాసిస్ నంబర్ ఇది. ఇంజన్ నడుస్తూ ఆగిపోతోంది. ఈ తేదీల్లో, ఈ కిలోమీటర్ల దగ్గర మీ వర్క్‌షాప్‌కు తెచ్చాను, జాబ్ కార్డు నంబర్లు ఇవి. ఇంతవరకు లోపం తీరలేదు. ఈ లోపంతో కారు నడపడం ప్రాణాపాయం. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో లోపాన్ని శాశ్వతంగా సరిచేయండి. చేయలేకపోతే కారు మార్చి ఇవ్వండి లేదా ధర వాపసు ఇవ్వండి. లేదంటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

ఒక పేజీ దాటనివ్వొద్దు. జాబ్ కార్డుల జిరాక్సులు జతచేయండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.

8. 1915, ఆ తర్వాత కమిషన్

నోటీసుకు స్పందన రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, కంపెనీతో మాట్లాడి పరిష్కారానికి చూస్తారు. పెద్ద కంపెనీలు ఇక్కడి ఫిర్యాదులను కాస్త పట్టించుకుంటాయి.

అదీ కాకపోతే కమిషన్. మనవాళ్లు ఇప్పటికీ కన్స్యూమర్ కోర్టు అనే అంటారు. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. కారు బెంగళూరులో కొన్నా, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా మీ వాయిదాలు మీ ఊళ్లోనే.

ఏ కమిషన్ అనేది కారుకు మీరు కట్టిన ధరను బట్టి: 50 లక్షల దాకా జిల్లా, అది దాటి 2 కోట్ల దాకా రాష్ట్రం, ఆపైన జాతీయ కమిషన్. ఫీజు 5 లక్షల దాకా లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. పదకొండున్నర లక్షల కారుకు 400 రూపాయలతో కేసు వేయొచ్చన్నమాట. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు. కానీ నిపుణుల రిపోర్టుల దాకా పోయే కారు కేసుకు వకీలును పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

గడువు 2 ఏళ్లు. ఎప్పటి నుంచి అనే దాని మీద వాదనలు నడుస్తాయి కాబట్టి, లోపం నమోదైన మొదటి జాబ్ కార్డు నుంచే లెక్క పెట్టుకోండి. "చేస్తాం సార్, ఈసారి తప్పకుండా" అని తిప్పుతూ రెండేళ్లు దాటించిన కేసు ఒకటి నాకు తెలుసు. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు గానీ, ఆ ఖర్మ ఎందుకు?

ఫిర్యాదు తయారీలో మూడు విషయాలు.

ఎవరిమీద: తయారీ కంపెనీ, అమ్మిన షోరూమ్, రిపేరు చేసిన వర్క్‌షాప్, ముగ్గురినీ పార్టీలుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే లేనివాళ్ల మీదికి తప్పు నెడతారు. ఎవరి తప్పేమిటో మాత్రం విడివిడిగా రాయాలి.

ఏం అడగాలి: ఇక్కడే చాలామంది అత్యాశకు పోతారు. "కొత్త కారే కావాల" అని ఒక్కటే అడిగితే ఇబ్బంది. పార్టు మారిస్తే సరిపోయేచోట మొత్తం కారు మార్చమనడం కుదరదని మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అందుకే మెట్లు మెట్లుగా అడగండి: కారు మార్చాలి, కాదంటే ధర వాపసు, అదీ కాదంటే ఫలానా భాగం ఉచితంగా మార్చి వారంటీ పొడిగించాలి. వీటితోపాటు టోయింగ్, అద్దె కారు ఖర్చులు బిల్లులతో, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు.

ఎలా నిరూపించాలి: కంపెనీ మొదటి వాదన "నిపుణుల రిపోర్టు ఏదీ?" అనే. దానికోసం ఎదురుచూడకుండా మీరే మొదట్లోనే అర్జీ పెట్టండి, కారును నిపుణుల పరీక్షకు పంపమని. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌నో, అనంతపురం జేఎన్‌టీయూ లాంటి ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగాన్నో సూచించవచ్చు. ఎవరిని నియమించాలనేది కమిషన్ ఇష్టం. పరీక్ష రోజు మీరూ అక్కడ ఉండాలి. లోపం చల్లటి ఇంజన్‌లో కనబడకపోతే ఏసీ వేసి, ఎండలో, హైవే మీద నడిపి చూడమని ముందే రాతలో అడగండి. గుత్తి రోడ్డులో మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చే సమస్య షెడ్డులో పొద్దున పదింటికి రాదు.

ఎదుటివాళ్లు జవాబు వేయడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. పరీక్ష అవసరం లేని కేసు 3 నెలల్లో, అవసరమైనది 5 నెలల్లో తేల్చాలని చట్టం. వాస్తవంలో ఇంకా ఎక్కువ పడుతుంది, అందుకు సిద్ధపడే దిగండి. మధ్యలో రాజీకి పిలిస్తే పోండి. రాజీలో ఇస్తామన్నది కాగితం మీదికి వచ్చాకే ఒప్పుకోండి.

9. ప్రమాదం జరిగి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోతే

ముందు మనుషులు, ఆసుపత్రి. తర్వాత కారును కదిలించక ముందు నాలుగు వైపులా ఫొటోలు, లోపల స్టీరింగ్, డ్యాష్‌బోర్డ్, సీట్ బెల్టుల ఫొటోలు. పోలీసు స్టేషన్‌లో నమోదు చేయించండి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి.

ఆ తర్వాత అసలు పొరపాటు జరుగుతుంది. ఇన్సూరెన్స్ టోటల్ లాస్ (ఇక బాగుచేయించి లాభం లేదనే లెక్క) కింద డబ్బిచ్చి కారును స్క్రాప్‌కు పంపేస్తుంది. కారుతోపాటు సాక్ష్యం పోతుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో గుద్దుకున్న క్షణం డేటా నిలిచి ఉంటుంది. దాన్ని విప్పొద్దని, డేటా తీసేటప్పుడు మిమ్మల్ని పిలవాలని కంపెనీకీ, షోరూమ్‌కూ, ఇన్సూరెన్స్‌కూ మెయిల్ పెట్టండి.

"ఆ వేగానికి, ఆ కోణానికి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు" అని కంపెనీ అంటుంది. కొన్నిసార్లు అది నిజం. కానీ హ్యుందాయ్ మోటార్ వర్సెస్ శైలేంద్ర భట్నాగర్ కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏమందంటే, వేగం, బలం లెక్కగట్టడానికి కొనేవాడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదు అంది. కారు మార్చి ఇవ్వాలన్న కింది కమిషన్ ఆదేశాన్ని నిలబెట్టింది. మీ వకీలుకు ఈ తీర్పు పేరు చెప్పండి.

మామూలు ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగిన నష్టానికి ఇచ్చే) ఇన్సూరెన్స్ యంత్రం చెడిపోవడాన్ని, కరెంటు సంబంధమైన బ్రేక్‌డౌన్‌ను కవర్ చేయదు. ఫ్యూయల్ పంపు పోయిందని క్లెయిమ్ పెట్టి లాభం లేదు.

10. ఎక్కువగా చేసే పొరపాట్లు, దిద్దుకునే దారి

- ఫిర్యాదు చేసి, ఆ కారునే ఊరూరా తిప్పడం. కంపెనీ వకీలు మొదట చూసేది ఓడోమీటరే. దిద్దుబాటు: ప్రమాదకర లోపమైతే బండి ఆపి, ఆపిన తేదీ మెయిల్‌లో రాయండి. తప్పక నడపాల్సి వస్తే ఎందుకో కూడా రాయండి.
- కోపంలో కారును షోరూమ్‌లో వదిలేసి రావడం. పార్కింగ్ చార్జీలు మీ మీద పడొచ్చు. దిద్దుబాటు: జాబ్ కార్డు తెరిపించి, రిపేరుకు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.
- ఈఎంఐ ఆపేయడం. అప్పు బ్యాంకుది, లోపం కంపెనీది. ఆపితే సిబిల్ స్కోరు పోయేది మీదే. కమిషన్ వేరే చెప్పేదాకా కట్టండి.
- మాటలన్నీ ఫోన్‌లోనే నడపడం. దిద్దుబాటు: ప్రతి ఫోన్ తర్వాత "ఇప్పుడు మీరు ఫోన్‌లో ఇలా చెప్పారు" అని రెండు లైన్ల మెయిల్.
- సర్వీసులు ఎగ్గొట్టడం. టైముకు సర్వీస్ చేయించిన రికార్డు లేకపోతే వారంటీ వాదన బలహీనపడుతుంది. ఇప్పటికే ఒకటి తప్పిపోతే మిగిలినవైనా తప్పనివ్వకండి.

11. సెకండ్ హ్యాండ్, ట్యాక్సీ కార్లు

సెకండ్ హ్యాండ్ కారు: రీకాల్ ఛాసిస్ నంబర్‌ను పట్టుకుని ఉంటుంది, మనిషిని కాదు. మీరు మూడో ఓనరైనా పని ఉచితమే. ఆర్‌సీ మీ పేరుకు మారగానే కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫోన్ నంబర్, అడ్రస్ మార్పించండి. నేను చేయని పని అదే. కొనకముందే ఛాసిస్ నంబర్ అడిగి పెండింగ్ రీకాల్ చూసుకుంటే ఇంకా మంచిది. నంబర్ ఇవ్వడానికి నసిగేవాడి దగ్గర కారు కొనొద్దు.

ట్యాక్సీ: వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో బతకడానికే కొని, తానే నడుపుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. ఆ సంగతి ఫిర్యాదు మొదటి పేరాలోనే రాసి, డ్రైవింగ్ లైసెన్స్, బ్యాడ్జి జతచేయాలి. ఐదు కార్లు తిప్పే ట్రావెల్స్ ఓనరుకు ఇది కుదరడం కష్టం. రీకాల్ మాత్రం అందరికీ వర్తిస్తుంది.

12. ఆర్డర్ వచ్చాక

గెలిచారని తెలిసిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. ఎదుటివాళ్లకు రాష్ట్ర కమిషన్‌లో అప్పీలుకు 45 రోజులుంటాయి. అప్పీలు వేయాలంటే ఆర్డర్‌లో చెప్పిన సొమ్ములో సగం ముందు డిపాజిట్ చేయాలి. ఓడితే అదే 45 రోజులు మీకూ ఉన్నాయి.

గడువు దాటినా డబ్బు రాకపోతే జిల్లా కమిషన్‌లోనే అమలు పిటిషన్ వేయండి. ఆర్డర్ పాటించకపోతే నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఈ పిటిషన్ నోటీసు అందాక ఫోన్ చేసేది ఈసారి షోరూమ్ వాళ్లు. చెక్కు ఇస్తామని పిలిస్తే పోయేటప్పుడు కారు తాళాలు, ఒరిజినల్ ఆర్‌సీ అప్పుడే ఇచ్చేయకండి. సొమ్ము ఖాతాలో పడ్డాక, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) సంగతి తేలాక, రసీదు రాయించుకుని ఇవ్వండి. ఆర్‌సీ మీ పేరు నుంచి మారేదాకా ఆ రసీదు జిరాక్సు ఫైల్లోనే ఉండనివ్వండి. ఆ కారుకు చలానా పడితే వచ్చేది మీ ఫోన్‌కే.